దక్షిణం బాల్కనీలో గడ్డి గులాబీ: దసరా దాకా ఆగండి

ప్రశ్న: మాది బెంగళూరు, కాడుగోడి దగ్గర అపార్ట్‌మెంట్. ఐదో అంతస్తు, బాల్కనీ దక్షిణం వైపు. మా అత్తగారిది కదిరి. అక్కడ పెరట్లో పగిలిన కుండలో కూడా గడ్డి గులాబీలు విరగబూస్తాయి. ఆవిడ కొమ్మ తుంచి మట్టిలో గుచ్చుతారు, అంతే. నాకేమో గింజల నుంచి పెంచాలని కోరిక. ‘ముద్ద పూలు, 500 గింజలు, అన్ని రంగులు’ అని ఉన్న ప్యాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాని మీద బొమ్మలో నీలం పువ్వు కూడా ఉంది. జూన్ చివర్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలో వేలి గణుపు లోతున వేసి రోజూ నీళ్లు పోశాను. కొన్ని మొలిచి, సన్నగా సాగి, పడిపోయాయి. ఇంకొన్ని వెడల్పాటి ఆకులతో బాగా పెరిగితే సంబరపడ్డాను. మా అత్తగారు వచ్చి చూసి ‘ఇది గంగవావిలి కూర కదమ్మా’ అని కోసి పప్పులో వేసేశారు. నేను మోసపోయానా? గింజలు ఎప్పుడు, ఎలా వేయాలి? నచ్చిన రంగు మొక్క నుంచి గింజలు తీస్తే మళ్లీ అదే రంగు వస్తుందా? కుండీలను రెయిలింగ్‌కు బయటి వైపు తగిలించవచ్చా?
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ అత్తగారు సరిగ్గానే గుర్తుపట్టారు. అది గంగవావిలే. ప్యాకెట్ వాళ్లు కొంత మోసం చేసిన మాట నిజం, దాని సంగతి తర్వాత చెబుతాను. అయితే వాళ్లు నికార్సయిన గింజలే పంపి ఉన్నా మీ కుండీలో పూలు వచ్చేవి కావు. గింజలు లోతుగా పడ్డాయి, మట్టి శుభ్రమైనది కాదు, నీళ్లు ఎక్కువయ్యాయి. వీటన్నిటికన్నా పెద్ద కారణం ఒకటుంది. జూన్‌లో మీ బాల్కనీకి ఎండ రాదు.

దక్షిణం వైపు బాల్కనీకి ఎండ బాగా ఉంటుందని ఇల్లు చూపించేవాళ్లు చెబుతారు. చలికాలంలో ఆ మాట నిజమే. బెంగళూరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంది. ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పెట్టిన సీసాకు ఆ కాసేపు పక్కన నీడే పడదు. పిల్లలకు స్కూల్లో ‘నీడ లేని రోజు’ అని చూపిస్తారే, అదే ఇది. ఆ రెండు తేదీల మధ్య దాదాపు నాలుగు నెలల పాటు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ నెలలోనైతే ఈశాన్యాన పొడిచి, ఉత్తరం పక్కగానే నడిచి, వాయవ్యాన కుంకుతాడు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ దక్షిణం గోడ మీద నేరుగా ఎండ పడే క్షణమే ఉండదు. దానికి తోడు బెంగళూరులో జూన్ నుంచి ఆగస్టు వరకు సగం రోజులు మబ్బే. అక్కడ మొలిచిన మొక్క వెలుతురు కోసం సాగి సాగి పడిపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు చలికాలం లెక్క చూద్దాం. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపున సుమారు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీ బాల్కనీ పై స్లాబు తొమ్మిది అడుగుల ఎత్తున, మీ రెయిలింగ్‌కు సమంగా ముగిసిందనుకోండి. అప్పుడు ఎండ ఆరడుగులు దాటి లోపలికి, బహుశా హాల్లో సోఫా దాకా వస్తుంది. అక్టోబరు చివర్లో నాలుగడుగుల పైన వస్తుంది. సెప్టెంబరు 23కీ మార్చి 21కీ మాత్రం రెండడుగులే. కాబట్టి మీకు అక్టోబరు నుంచి మార్చి మధ్య దాకా ఎండకాలం, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నీడకాలం. అందరూ వేసవి పువ్వు అనే ఈ మొక్కను మీరు చలికాలపు పువ్వుగా పెంచుకోవాలన్నమాట. దసరా సెలవుల్లో గింజలు వేయండి. అప్పటికి వానలు పూర్తిగా పోవు, కానీ స్లాబు కింద నారుకు వాన తగలదు. రాత్రులు కూడా ఇంకా చల్లబడి ఉండవు. గింజ మొలవడానికి 21 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి కావాలి, అక్టోబరు పగళ్లలో అది దొరుకుతుంది. నవంబరు చివరికి జారిపోతే చలికి మొలకలు నత్తనడక నడుస్తాయి.

ఈ లెక్క మీ బాల్కనీకి మాత్రమే. మిద్దె మీద పెంచేవాళ్లు ఫిబ్రవరిలో వేసుకుంటే ఏప్రిల్, మే ఎండలకు మొక్క నేల కనపడకుండా పరుచుకుంటుంది. తూర్పు బాల్కనీ వాళ్లు అదృష్టవంతులు. ఈ పువ్వు ఎలాగూ పొద్దునే విచ్చి మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది కనుక పదకొండు, పన్నెండు దాకా వచ్చే ఎండ దానికి సరిపోతుంది. ఉత్తరం బాల్కనీ వాళ్లు అసోసియేషన్‌ను బతిమాలి మిద్దె మీద నాలుగు కుండీలకు చోటు సంపాదించుకోవడమే మార్గం.

ఆగస్టు 15 వస్తే లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి వెళ్లి, అక్కడి స్టాళ్లలో విత్తనాల ప్యాకెట్లు కొనుక్కొచ్చి, మర్నాడే వేసేయడం మనవాళ్లకు అలవాటు. కొనుక్కోండి, కానీ మీ విషయంలో ఆ ప్యాకెట్ ఇంకో నెలన్నర బీరువాలో ఉండాలి.

లెక్కలు నమ్మబుద్ధి కాకపోతే అక్టోబరులో ఒక ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు గంటకోసారి బాల్కనీలో ఎండ ఎక్కడి దాకా వచ్చిందో చాక్‌పీస్‌తో గీత గీయండి. ఎదురుగా ఇంకో టవర్ ఉంటే నా లెక్క తప్పుతుంది, మీ గీతలు తప్పవు. నేరుగా ఎండ ఐదారు గంటలు పడే చోటే కుండీ పెట్టాలి. రెయిలింగ్ స్థానంలో మూడడుగుల పిట్టగోడ ఉంటే దాని మొదట్లో నీడే ఉంటుంది, కుండీని స్టూలు మీదకు ఎక్కించాలి.

ఎండ గురించి ఇంత సేపు ఎందుకు చెబుతున్నానంటే ఈ మొక్క తీరే అంత. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా: బ్రెజిల్ దక్షిణ భాగం, ఉరుగ్వే, అర్జెంటీనా. అర్జెంటీనాలో మెండోసా దగ్గర కొండల దిగువన పొడి ఇసుక నేలల్లో ఇది విస్తారంగా పూసి ఉండటం జాన్ గిల్లీస్ అనే స్కాట్లండ్ వైద్యుడు చూశాడు. 1829లో హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి పోర్చులాకా గ్రాండిఫ్లోరా అని పేరు పెట్టాడు. రాగి, జొన్న, చెరకు ఎలాగైతే మండే ఎండను వాడుకుని ఆహారం తయారుచేసుకుంటాయో ఇదీ అదే పద్ధతి పాటిస్తుంది. శాస్త్రవేత్తలు దాన్ని సీ4 అంటారు. నీళ్లు అందనప్పుడు దీనికి ఇంకో దారి కూడా ఉంది. పగలు ఆకు రంధ్రాలు మూసేసి, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి దాచుకుంటుంది. కాక్టస్‌లు చేసే పని అది. రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదు. ఆకులు గుండ్రంగా, పుల్లల్లాగా ఉండి నీళ్లను నిల్వ చేసుకుంటాయి. నీళ్లు తగ్గితే ఎలాగోలా నెట్టుకొస్తుంది, ఎండ తగ్గితే మాత్రం పూత ఆపేస్తుంది.

ఇక మోసం సంగతి. నీలం పువ్వు బొమ్మ చూడగానే ఆ ప్యాకెట్ పక్కన పెట్టాల్సింది. గడ్డి గులాబీలో నీలం లేదు. దీని రంగులు బీట్‌రూట్‌కు, తోటకూరకు, బోగన్‌విలియాకు రంగునిచ్చే బీటలైన్ అనే పదార్థాల వల్ల వస్తాయి. వాటిలో పసుపు, నారింజ, ఎరుపు, రాణి రంగు, ఊదా ఛాయలు ఉన్నాయి, అవేవీ లేకపోతే తెలుపు. శంఖుపూవులో కనిపించే నీలం ఇందులో పుట్టదు. కంప్యూటర్‌లో రంగు మార్చిన బొమ్మ అది. అలా అమ్మేవాళ్లు మిగతా విషయాల్లో నిజాయితీగా ఉంటారని అనుకోలేం.

‘500 గింజలు’ అన్నది మాత్రం పెద్ద ఘనమూ కాదు, అబద్ధమూ కానక్కర్లేదు. ఈ గింజలు గ్రాముకు సుమారు పది వేలు తూగుతాయి. అంటే 500 గింజల బరువు గ్రాములో ఇరవయ్యో వంతు. ప్యాకెట్ విప్పితే ఖాళీగా ఉందేమో అనిపిస్తుంది. మూలకు తట్టి చూస్తే బూడిద రంగులో, లోహపు మెరుపుతో చిటికెడు పొడి కనిపిస్తుంది. అంత చిన్న గింజలో మొలకకు కావలసిన తిండి ఎంత ఉంటుంది? వేలి గణుపు లోతు నుంచి పైకి రావడానికి అది చాలదు. పైగా వెలుతురు తగిలితేనే ఇవి బాగా మొలుస్తాయి. కాబట్టి మీరు వేసిన వాటిలో చాలా వరకు మట్టిలోనే పోయి ఉంటాయి.

మరి గంగవావిలి ఎలా వచ్చింది? అది మీ ఎర్రమట్టిలోనో ఎరువులోనో ముందే ఉంది. దాని గింజలు మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా పడి ఉంటాయి. రెండూ ఒకే కుటుంబం, కాడ రెండింటికీ ఎర్రగానే ఉంటుంది, మొలకగా ఉన్నప్పుడు తేడా తెలియదు. ఇంకో రెండు మూడు జతల ఆకులు వచ్చేదాకా ఆగండి. ఆకు బల్లపరుపుగా, చివర వెడల్పుగా ఉంటే అది పప్పులోకి. గుండ్రంగా సూదిగా ఉండి, ఆకు మొదట్లో తెల్లటి నూగు కనిపిస్తే అది మీ పువ్వు. నర్సరీల్లో బల్లపరుపు ఆకులతో, పెద్ద పూలతో ఇంకో పోర్చులాకా కూడా అమ్ముతారు. అది వేరే జాతి. దాన్ని కొమ్మలతోనే పెంచుతారు కనుక మీ గింజల గొడవలోకి రాదు. ఇంకో మాట, గడ్డి గులాబీని గంగవావిలి బంధువే కదా అని కూరలో వేయకండి. నర్సరీలో దాని మీద ఏ మందులు కొట్టారో తెలియదు. ఇందులో ఆక్సలేట్లు అనే హాని చేసే పదార్థాలు కూడా ఉంటాయి, ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే నమలకుండా చూసుకోండి.

గింజలు మళ్లీ కొనేటప్పుడు పేరున్న విత్తన కంపెనీ ప్యాకెట్ తీసుకోండి. ప్యాకింగ్ తేదీ, గడువు తేదీ, మొలకెత్తే శాతం ముద్రించి ఉండాలి. సన్‌డయల్, హ్యాపీ అవర్ లాంటి హైబ్రిడ్ రకాలు దొరికితే ధర ఎక్కువైనా మీకు అవే మేలు. మబ్బు పట్టిన రోజుల్లోనూ మామూలు రకాల కన్నా ఇవి బాగా విచ్చుకుంటాయి. చలికాలపు బెంగళూరులో పొద్దున తొమ్మిది దాకా మంచు మబ్బు ఉంటుంది కదా, ఆ తేడా తెలుస్తుంది. వీటి గింజలకు కొన్నిసార్లు పైపూత పూసి గుళికలుగా అమ్ముతారు. అలాంటివైతే ఒక్కొక్కటిగా చేత్తో పెట్టుకోవచ్చు.

వేసే పద్ధతి చెబుతాను. మూత పారదర్శకంగా ఉండే బిరియానీ పార్సెల్ డబ్బా చాలు, నర్సరీ ట్రే కొననక్కర్లేదు. అడుగున వేడి చేసిన మేకుతో పది పన్నెండు చిల్లులు పెట్టండి. అందులోకి తోట మట్టి వద్దు, పశువుల ఎరువు అసలే వద్దు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుకను నానబెట్టి, ఒకటి రెండు సార్లు నీళ్లు మార్చి పిండేయండి, అందులో ఉప్పు పోతుంది. దానికి సమానంగా ఇసుక కలపాలి. బెంగళూరులో ఏటి ఇసుక దొరకడం కష్టం, ఇల్లు కట్టే చోట దొరికేది ఎం-శాండే, అంటే రాళ్లను పిండి చేసి తీసిన ఇసుక. అదైనా పరవాలేదు, కానీ దుమ్ము పోయేదాకా కడగండి. ఆ సన్న దుమ్ము నీరు దిగకుండా అడ్డం పడుతుంది. ఈ మిశ్రమాన్ని డబ్బాలో రెండంగుళాల మందాన నింపి, నీళ్లున్న పళ్లెంలో పెడితే అడుగు నుంచి తడి పైకెక్కుతుంది. పైభాగం నల్లబడగానే తీసి పక్కన పెట్టి, ఎక్కువైన నీళ్లు కారిపోనివ్వండి.

ఇప్పుడు ఒక చెంచాడు పొడి ఇసుకలో చిటికెడు గింజలు కలపండి. ప్యాకెట్ అంతా ఒకేసారి వేయకండి. మూడో వంతు వేసి, మిగతాది పదిహేను రోజుల తర్వాతకు ఉంచండి. మొదటి విడతకు ఏమైనా అయితే రెండోది ఉంటుంది. ఇసుకతో కలిపిన గింజలను ముగ్గు వేసినట్టు రెండు వేళ్ల మధ్య నుంచి పలచగా రాల్చండి. అరచేత్తోనో చెక్కముక్కతోనో మెల్లగా ఒకసారి అదమండి. పైన మట్టి కప్పవద్దు. స్ప్రే బాటిల్‌తో ఒకసారి చిమ్మి, మూత పెట్టేయండి.

మూత పెట్టిన డబ్బాను మధ్యాహ్నం ఎండలో ఉంచితే లోపల గింజలు ఉడికిపోతాయి. వెలుతురు బాగా వచ్చే చోట, లేత ఎండ మాత్రం తగిలేట్టు ఉంచండి. వేడి బాగుంటే వారంలో, కాస్త చలిగా ఉంటే రెండు వారాల్లోపు ఎర్రటి కాడలతో చిన్న చిన్న మొలకలు కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మొలకలు లేతగా ఉన్నాయి కదా అని ఇంకో పది రోజులు నీడలో, మూత కిందే ఉంచుతారు. సగం గింజలు మొలవగానే మూత తీసేయాలి. మొదటి రోజు గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారంలోపు పూర్తి ఎండకు అలవాటు చేయాలి. పుట్టిన వారంలో ఎండ చూడని మొలక మీరు చూసినట్టే సాగి వాలిపోతుంది.

మొలక నిగనిగలాడుతూనే ఉండి, తెల్లారేసరికి మట్టి దగ్గర కాడ సన్నబడి పడిపోతే అది నారు కుళ్లు తెగులు. మట్టిలోని శిలీంధ్రాల వల్ల వస్తుంది. చిక్కగా వేయడం, రోజూ పైనుంచి నీళ్లు పోయడం, గాలి ఆడకపోవడం దానికి అనుకూలం. మీ జూన్ కుండీలో ఈ మూడూ ఉన్నాయి. ఒకసారి పడిపోయిన మొలకను ఏ మందూ లేపలేదు. ఆ భాగాన్ని చెంచాతో మట్టితో సహా తీసి పారేసి, డబ్బాను రెండు రోజులు ఆరనివ్వండి. నారుకు నీళ్లు ఎప్పుడూ పళ్లెంలో నుంచే, అదీ పొద్దున పూటే.

మొక్క అంగుళం ఎత్తుకు వచ్చి, సూది ఆకులు నాలుగైదు కనిపించాక పెద్ద కుండీలోకి మార్చండి. ఒక్కో మొక్కను విడదీయాలని చూస్తే వేర్లు తెగుతాయి. చెంచా కాడతో మూడు నాలుగు మొక్కలను మట్టి గడ్డతో కలిపి లేపి, అలాగే నాటేయండి. ఎనిమిది అంగుళాల వెడల్పు కుండీకి మూడు గుంపులు చాలు. వేర్లు లోతుకు పోవు కనుక ఐదారు అంగుళాల లోతు సరిపోతుంది. కుండీలోకి ఎర్రమట్టి, ఇసుక, కోకోపీట్ సమానంగా, రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు). ఎర్రమట్టిలో మళ్లీ గంగవావిలి వస్తుందని భయముంటే వాడే ముందు సలసల కాగిన నీళ్లు దాని మీద పోసి చల్లారనివ్వండి. ఎరువు ఇంతకు మించి అవసరం లేదు. యూరియా లాంటివి వేస్తే ఆకులు పెరుగుతాయి, పూలు రావు. మూడంగుళాలు పెరిగాక చిగురు గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి. గిల్లిన ముక్కలను ఆ కుండీలోనే ఖాళీ చోట గుచ్చేయండి, అవీ బతుకుతాయి.

నీళ్ల విషయంలో పైన అంగుళం మట్టి ఆరిందాకా ఆగడం ఒక్కటే సూత్రం. ఆకులు బొద్దుగా ఉన్నంత కాలం దాహం లేదని అర్థం, ముడతలు పడితే పోయండి. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కటకట వచ్చినప్పుడు తాగే నీళ్లు తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు గుర్తుందా? అలాంటి రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లతోనే బతికించుకోగలిగిన పూలమొక్క ఇది.

గింజ వేసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొగ్గ రావాలి. చలి ఎక్కువగా ఉంటే ఇంకో రెండు వారాలు కలుపుకోండి. అంటే దసరాకు వేస్తే క్రిస్మస్ లోపు మీ బాల్కనీలో పూలు ఉంటాయి. ఒక్కో పువ్వు ఒక్క పూటే ఉంటుంది, మర్నాటికి కొత్తవి. ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. తొమ్మిదింటికి ఆఫీసుకు బయల్దేరి, అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి రాత్రి ఏడింటికి ఇల్లు చేరేవాళ్లకు ఈ పువ్వు శని ఆదివారాల్లోనే కనిపిస్తుంది. వెళ్లేటప్పటికి మొగ్గ, వచ్చేటప్పటికి ముడుచుకుపోయిన రేకులు. మీరు ఇంటి నుంచి పనిచేస్తుంటే సరే, కాకపోతే చాలామందికి నిరాశ కలిగేది ఇక్కడే.

రంగు గురించి అడిగారు. కొమ్మ గుచ్చితే అచ్చం అదే రంగు వస్తుంది, గింజ వేస్తే ఏది వస్తుందో చెప్పలేం. పక్క పక్కన నాలుగు రంగులుంటే తేనెటీగలు పుప్పొడిని కలిపేస్తాయి. హైబ్రిడ్ రకాల గింజలైతే రెండో తరంలో తల్లి పోలిక తప్పిపోతాయి. ముద్ద పూలతో ఇంకో చిక్కుంది. ముద్ద పువ్వులో కేసరాలే చాలా వరకు రేకులుగా మారిపోతాయి. అందుకే పుప్పొడి తక్కువ, గింజలూ తక్కువ. మంచి కంపెనీ ముద్ద రకంలో కూడా కొన్ని రేక పూల మొక్కలు వస్తాయి, దాన్ని మోసం అనుకోకండి. నన్నడిగితే రేక పూలే అందం. వాటి మధ్యలో కేసరాలను పుల్లతో తాకి చూడండి, తాకిన వైపుకు మెల్లగా వంగుతాయి. పిల్లలుంటే వాళ్లకు మంచి కాలక్షేపం.

గింజలు దాచుకోవాలంటే రేక పూల మీదే ఆధారపడండి. పువ్వు వాడిన రెండు వారాలకు కాయ గడ్డి రంగుకు వస్తుంది. కుంకుమ భరిణెకు మూత ఉన్నట్టు దీని కాయకూ పైన మూత ఉంటుంది. పండగానే అది అడ్డంగా విడి ఊడిపోతుంది, గింజలన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. కాబట్టి మూత రంగు మారగానే కాయను కాగితం మీద దులిపి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పాత పెళ్లి కార్డు కవర్లో వేసి తేదీ రాసుకోండి. పొడి చోట ఉంటే రెండు మూడేళ్లు పనికొస్తాయి. నచ్చిన రంగును మాత్రం కొమ్మలతోనే కాపాడుకోవాలి. ఏప్రిల్‌లో మీ బాల్కనీ నీడలోకి వెళ్లే ముందు రెండు చిన్న కుండీల్లో కొమ్మలు గుచ్చి మీ అత్తగారితో కదిరి పంపేయండి. మళ్లీ దసరాకు తెప్పించుకోవచ్చు. పాత మొక్కను పట్టుకుని వేలాడకండి. ఏడాది మొక్క అది, కాయలు పట్టాక కింద బోసిపోతుంది, పీకేసి కొత్తది వేయడమే మంచిది.

చీడల గోల తక్కువే. కొమ్మల సందుల్లో తెల్లటి దూదిలా పిండినల్లి కనిపిస్తే ఆ కొమ్మ తుంచేసి, మిగతా మొక్క మీద సాయంత్రం పూట వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు నీళ్లలో కలిపి చల్లండి. పావురాలే పెద్ద బెడద. లేత మొక్కలను పీకి పారేసి ఆ కుండీలోనే గుడ్లు పెట్టడం వాటికి అలవాటు. ఇప్పటికే వల ఉంటే సరే, లేకపోతే మొక్కలు నిలదొక్కుకునే దాకా కుండీ మీద పాత ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి.

చివరి ప్రశ్నకు జవాబు: రెయిలింగ్ బయటికి వద్దు. సెప్టెంబరులో, మార్చిలో అక్కడ ఎండ ఎక్కువ తగులుతుందన్నది నిజమే, అయినా వద్దు. తడిసిన ఎనిమిది అంగుళాల కుండీ నాలుగైదు కిలోల బరువుంటుంది, కింద పిల్లలు ఆడుకుంటారు. హుక్కు ఉన్న తొట్టిని రెయిలింగ్ లోపలి వైపుకే తగిలించి, పైన ఒక తీగతో కట్టేయండి. కింద పళ్లెం పెట్టడం మరవకండి, నాలుగో అంతస్తు వాళ్లు ఆరేసిన బట్టల మీద ఎర్రనీళ్లు పడితే అసోసియేషన్ గ్రూపులో మీ మొక్క ఫొటో వస్తుంది.